నల్లమలలో నీళ్లు, నిప్పు: అడవిని కాచే పద్ధతి మారాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. కృష్ణకు ఇటు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, అటు అమ్రాబాద్. రాష్ట్రాలు రెండైనా నల్లమల ఒకటే. మారుతున్న వాతావరణాన్ని అడవిని కాచేవాళ్లు ఎలా చూస్తున్నారు?

విశ్రాంత అటవీ అధికారి: వాగు ఇసుకలో చెలమ ఎంత లోతు తీస్తే నీరు ఊరుతోందో చూసి, ఆ ఏడు ఎండాకాలం ఎలా గడుస్తుందో అడవిలో గస్తీకి ఉండే బేస్ క్యాంపు చెంచు కుర్రాళ్లు చెప్పేసేవారు. మాకు అదే కొలమానం. వాగు ముందే ఎండితే ట్యాంకరు ముందే బయలుదేరాలి, జంతువులు తాగే నీటి తొట్లు, అదే సాసర్ పిట్లు, నింపాలి. మారుమూలల్లో సోలార్ బోర్లు వేయించాం.

వ్యాఖ్యాత: అంటే పరిష్కారం దొరికినట్టేనా?

జీవావరణ పరిశోధకురాలు: అలా అనుకుంటారనే నా భయం. ఏడాదంతా నీళ్లుండే తొట్టి పెడితే జింకలు అక్కడే తిష్ఠ వేస్తాయి, చుట్టూ గడ్డి మిగలదు. అన్నీ అదే నీళ్లలో మూతి పెడితే రోగాలు పాకుతాయి. అంచు నిటారుగా కడితే తాబేళ్లు పడి పైకి రాలేవు. లోతు తక్కువగా, అంచు వాలుగా ఉండాలి. అసలు ముందు ఊటలు, కుంటలు బాగుచేసి, అవి చాలనిచోటే తొట్టి కట్టాలి.

అధికారి: ఒప్పుకుంటాను. కానీ మే నెలలో ఎండిన వాగు దగ్గర నిలబడినవాడికి ఆ ట్యాంకరే గతి, అమ్మా.

వ్యాఖ్యాత: నిప్పు సంగతి?

అధికారి: ఆకురాల్చే అడవి కదా, ఫిబ్రవరి నుంచి నేలంతా ఎండుటాకే. నిప్పుకు కారణం ఎక్కువగా మనుషులే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకు కాలుస్తారు. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్లేవారు పొయ్యి ఆర్పకుండా కదులుతారు. ఎండ ముదిరి గాలి తోడైతే ఆ నిప్పే కొండలు దాటుతుంది. ఉపగ్రహం పసిగట్టిన మంట కబురు ఫోనుకు వస్తుంది. కానీ పటంలో కనిపించే ఆ ఒక్క చుక్క అంటే నేలమీద 375 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. అందులో మంట వెతికి పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేది వాచర్లే. వాళ్ల కూలి నెలనెలా అందకపోతే ఏ ప్రణాళికా నిలవదు.

పరిశోధకురాలు: ఆ ప్రణాళిక గురించే చెబుతాను. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించాక ప్రతి పులుల అభయారణ్యానికీ సంరక్షణ ప్రణాళిక తప్పనిసరైంది. సాధారణంగా పదేళ్లకు రాస్తారు. అప్పుడెప్పుడో రాసుకున్న తేదీలతో ఇప్పుడు పని జరగదు. ఏ వాగు ఎప్పుడు ఎండింది, తొలి మంట ఎప్పుడు లేచింది, ఇప్ప ఎప్పుడు పూసింది అన్నది బీటుల వారీగా, అంటే ఒక్కో గార్డు కాచే అడవి ముక్క లెక్కన, ఏటా రాయించాలి. దాన్నిబట్టి ఫైర్ లైన్ల (మంట పాకకుండా ఆకు, గడ్డి గీకి తీసే బాటల) పని ముందుకు జరుపుకునే అధికారం డివిజన్ స్థాయిలోనే ఉండాలి.

అధికారి: అధికారంతోపాటు డబ్బు కూడా. లైన్లు గీకించే నిధులు ఆకు రాలాక వస్తే ఏం లాభం? జనవరికల్లా రేంజర్ చేతిలో పడాలి.