న్యూట్రాన్‌ను చాడ్విక్ ఎట్లా పట్టుకున్నాడు?

నమస్తే. మన నల్గొండలో ఇంటర్ చదివే ఎవరినైనా అడగండి, న్యూట్రాన్‌ను కనుగొన్నది చాడ్విక్, 1932 అని టక్కున చెప్తారు. బిట్‌కు మార్కు వచ్చేస్తుంది. ఎట్లా కనుగొన్నాడు అంటే మాత్రం, 'మైక్రోస్కోప్‌లో చూసి ఉంటాడు సార్' అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ 'ఎట్లా'లోనే కదా కథంతా ఉంది!

పరమాణువు మధ్యలో ప్రోటాన్లతో పాటు ఉండే న్యూట్రాన్‌కు ఛార్జ్ లేదు. అందుకే ఛార్జ్ ఉన్న కణాలు పోయిన దారి మంచుగీతలా కనబడే క్లౌడ్ చాంబర్‌లో దాని జాడ కనబడదు. 1930లో జర్మనీలో బోతే, బెకర్ ఆల్ఫా కణాలతో (అంటే హీలియం కేంద్రకాలతో) బెరీలియంను కొడితే, సీసాన్ని కూడా దాటుకుపోయే కిరణమేదో వచ్చింది. గామా అనుకున్నారు, అంటే ఎక్స్-రే లాంటి, బరువూ ఛార్జూ లేని కిరణం. 1932 జనవరిలో పారిస్‌లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో ఆ కిరణానికి అడ్డంగా పారఫిన్ మైనం పెట్టారు. మైనంలో హైడ్రోజన్ ఎక్కువ. అందులోంచి ప్రోటాన్లు దూసుకొచ్చాయి. వాళ్లూ గామానే అన్నారు.

ఇప్పుడు గోటీలాట గుర్తు చేసుకోండి. నేల మీది గోటీని అంతే బరువున్న గోటీతో సూటిగా కొడితే, కొట్టింది ఆగిపోతుంది, దెబ్బ తిన్నది అదే ఊపుతో పోతుంది. అదే గోటీతో పెద్ద ఇనుప గుండును కొట్టండి. గుండు కొంచెమే కదులుతుంది, గోటీ వెనక్కి ఎగురుతుంది. అంటే కొట్టిన గోటీ మీకు కనబడకపోయినా సరే, దెబ్బ తిన్న రెండూ ఎంత వేగంగా కదిలాయో కొలిస్తే దాని బరువు చెప్పేయొచ్చు.

కేంబ్రిడ్జ్‌లో చాడ్విక్ చేసింది అదే. ప్రోటానంత బరువుండి, ఛార్జ్ లేని కణం ఉండొచ్చని ఆయన గురువు రూథర్‌ఫర్డ్ 1920లోనే అన్నాడు. చాడ్విక్ ఏళ్ల తరబడి దాని కోసమే వెతుకుతున్నాడు. పారిస్ వార్త చదవగానే మైనంతో ఆగకుండా హీలియం, లిథియం, నైట్రోజన్, ఆర్గాన్, ఇలా వరసగా పెట్టి చూశాడు. అది గామా అయితే ప్రోటాన్‌ను అంత వేగంగా తన్నడానికి 55 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే యూనిట్) శక్తి కావాలి. నైట్రోజన్‌కైతే 90 కావాలి. కిరణం ఒక్కటే, శక్తులు రెండెట్లా అవుతాయి? పైగా ఆల్ఫా బెరీలియంను కొట్టే ఆ చర్యలో 14కు మించి రావడానికి వీల్లేదు.

గామాను పక్కన పెట్టి, గోటీ అనుకుని లెక్క వేయండి. బోర్డు చూడండి. ప్రోటాన్ వేగం సెకనుకు దాదాపు 33,000 కిలోమీటర్లు. క్లౌడ్ చాంబర్‌లో చాడ్విక్ తోటి శాస్త్రవేత్త ఫెదర్ కొలిచిన నైట్రోజన్ వేగం 4,700. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 7. ప్రోటాన్ బరువు 1, నైట్రోజన్ బరువు 14. కనబడని గోటీ బరువుకు 14 కలిపి, దాన్ని అదే బరువుకు 1 కలిపినదానితో భాగిస్తే ఆ 7 రావాలి. చేసి చూడండి, దాదాపు 1.17 వస్తుంది. కొలతల్లో పది శాతం దాకా తేడా ఉండొచ్చు కాబట్టి, దాదాపు ప్రోటానంత బరువు! ఈ లెక్క మన ఇంటర్ పిల్లలకు రాదా? ఎవరూ చేయించరు, అదే నా బాధ.

ఫిబ్రవరి 17న చాడ్విక్ నేచర్ పత్రికకు ఉత్తరం రాశాడు, 1935లో నోబెల్ వచ్చింది. పారిస్ వాళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు నచ్చదు. వాళ్ల కొలతల్లో తప్పు లేదు, ఆ మైనం లేకపోతే చాడ్విక్‌కు దారే దొరికేది కాదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తాను. 1934లో రోమ్‌లో ఫెర్మీ మైనంతో న్యూట్రాన్ల వేగం తగ్గించాడు. గోటీ గోటీకి తగిలితే ఊపు పోతుంది కదా, అదే. 1938లో హాన్, స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లతో కొట్టిన యురేనియం రెండుగా చీలింది. ఆ చీలికలో వచ్చే శక్తి కోసమే యురేనియం కావాలి. అమ్రాబాద్‌లో, లంబాపూర్–పెద్దగట్టులో యురేనియం తవ్వాలా వద్దా అన్న గొడవకు మూలం అక్కడుంది. పాలమూరు చెలకలో తేమ ఎంతుందో కొలవాలన్నా న్యూట్రాన్ ప్రోబ్ పనికొస్తుంది. నేలలో గొట్టం దించి న్యూట్రాన్లు వదులుతారు, నీటిలోని హైడ్రోజన్‌కు తగిలి అవి నెమ్మదిస్తాయి, అలా నెమ్మదించి తిరిగొచ్చినవి ఎక్కువుంటే ఆ లోతులో తేమ ఎక్కువున్నట్టు.