మూత్రపిండ ధమని ఇరుకైతే శస్త్రచికిత్స ఎవరికి?

శ్రోతలకు నమస్కారం. మూత్రపిండానికి రక్తాన్ని చేర్చే ధమని ఇరుకైతే, తనకు అందే రక్తం తగ్గిందని గ్రహించిన మూత్రపిండం రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో రక్తనాళాలు బిగుసుకుని, ఉప్పూ నీరూ శరీరంలో నిలిచిపోయి, రక్తపోటు పెరుగుతుంది. 1934లో గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల మూత్రపిండ ధమనులను బిగించి ఈ సంబంధాన్ని చూపించారు.

అయితే స్కానింగులో ఇరుకు కనిపించినంత మాత్రాన దాన్ని తెరవవలసిన అవసరం లేదు. పెద్ద వయసువారిలో ఇది ఎక్కువగా కొవ్వు పేరుకోవడం వల్ల వస్తుంది. అటువంటివారిలో మందులకు తోడు స్టెంటు (ధమనిని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసినా అదనపు మేలు కనిపించలేదని 2014లో వెలువడిన కోరల్ అధ్యయనం తేల్చింది. ఎన్ని మందులు వాడినా రక్తపోటు లొంగనివారి విషయంలోనూ, ఊపిరితిత్తుల్లో హఠాత్తుగా నీరు చేరుతున్నవారి విషయంలోనూ మాత్రం ధమనిని తెరిచే ఆలోచన చేస్తారు. ధమని గోడ నిర్మాణలోపం వల్ల ఇరుకు ఏర్పడే వ్యాధి ఒకటి ఎక్కువగా స్త్రీలలో కనిపిస్తుంది. దానికి చాలావరకు బెలూన్ చికిత్సే, అంటే ధమని లోపల చిన్న బెలూన్‌ను ఉబ్బించి ఇరుకును వెడల్పు చేయడమే చాలు.

బెలూన్ విఫలమైనప్పుడు, ధమని శాఖల్లోకి కూడా ఇరుకు పాకినప్పుడు, లేదా గుండె నుంచి శరీరానికి రక్తాన్ని తీసుకెళ్ళే ప్రధాన ధమని అయిన బృహద్ధమనికి ఎలాగూ ఆపరేషన్ చేయవలసి ఉన్నప్పుడు సర్జన్ అవసరం పడుతుంది. బైపాస్ అనగానే మనకు గుండే గుర్తుకొస్తుంది కాని, ఇక్కడా పద్ధతి అదే: కాలి నుంచి తీసిన సిరనో, కృత్రిమ గొట్టాన్నో బృహద్ధమనికీ, ఇరుకు దాటిన చోట మూత్రపిండ ధమనికీ కలుపుతారు. పిల్లల్లో సిర క్రమంగా ఉబ్బిపోయే ప్రమాదం ఉన్నందున వారి సొంత ధమని ముక్కనే ఎంచుకోవడం మేలు. బృహద్ధమనే గట్టిపడి కుట్టుకు పనికిరాకపోతే, కుడి మూత్రపిండానికి కాలేయ ధమని నుంచీ, ఎడమదానికి ప్లీహ ధమని నుంచీ రక్తాన్ని మళ్ళిస్తారు. ధమని మొదట్లోనే ఇరుకు ఉంటే లోపలి కొవ్వు పొరను ఒలిచి తీసివేయడం మరో మార్గం.

వీటన్నిటిలో సాహసోపేతమైనది, శాఖలు కూడా దెబ్బతిన్నప్పుడు చేసే ఆపరేషన్. మూత్రపిండాన్ని బయటికి తీసి, చల్లని ద్రావణంతో కాపాడుతూ, బల్లమీదే శాఖలను మరమ్మతు చేసి, రోగి పొత్తికడుపు దిగువనే తిరిగి అమరుస్తారు. కుంచించుకుపోయి పని మానేసి, రక్తపోటును మాత్రం పెంచుతున్న మూత్రపిండాన్ని, రెండోది బాగుంటే, తీసివేస్తారు.

ఆపరేషన్ విజయవంతమైనా రక్తపోటు మందులు పూర్తిగా మానేయగలిగేవారు పెద్దవారిలో తక్కువే. అతికించిన నాళం మళ్ళీ ఇరుకవుతున్నదేమో ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్షతో ఎప్పటికప్పుడు చూసుకోవాలి.