నాలుగు గీతలే కదా అనుకోకండి

నమస్కారమండీ. ఇంట్లో ప్రశాంతంగా ఉండే బొమ్మ ఒకటి కావాలని వెతికేవాళ్లు చాలామంది చివరికి వచ్చి ఆగేది రెండు లేత రంగులు, నాలుగు గీతలు, ఒక చతురస్రం ఉన్న పెయింటింగ్ దగ్గర. అది చూడగానే పక్కనున్నవాళ్లు "ఇందులో ఏముంది, స్కేలు పెట్టి నేనూ గీస్తాను" అంటారు. అననివ్వండి, ఆ మాట దగ్గరే మొదలుపెడదాం.

ఆగ్నెస్ మార్టిన్ అని 1912లో కెనడాలో పుట్టి, అమెరికాలో స్థిరపడిన చిత్రకారిణి ఉండేవారు. ఆవిడ స్కేలు పెట్టే గీశారు. ఆరడుగుల చదరపు కాన్వాస్ నిండా సన్నటి పెన్సిల్ గీతలు, అంతే. దూరం నుంచి చూస్తే గీతలే కనబడవు, పొగమంచులా అంతా ఒకటే రంగు. దగ్గరికెళ్లి చూడండి, కాన్వాస్ నేతలోని దారాల మీద పెన్సిల్ ములికి ఎక్కి దిగుతూ పోతుంది కాబట్టి గీత ఒకచోట ముదురుగా, ఇంకోచోట అంటీ అంటనట్టుగా, మధ్యమధ్య తెగుతూ ఉంటుంది. మనసుకి నెమ్మదినిచ్చేది ఆ చిన్న వణుకే అని నా గట్టి నమ్మకం. చెయ్యి ఎంత ఓపిగ్గా నడిచిందో కంటికి తెలుస్తుంది, కన్ను కూడా అదే వేగంతో నడుస్తుంది. ఎనభై దాటి, అంత పెద్ద కాన్వాస్ మోయడం కష్టమయ్యాక ఆవిడ ఐదడుగులకి తగ్గించుకున్నారు గానీ గీతలు మాత్రం మానలేదు.

ఇక చతురస్రాల సంగతికొస్తే చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ పేరు చెప్పాలి. 1950లో, అరవై రెండేళ్ల వయసులో, చతురస్రంలో చతురస్రం పెట్టి వేయడం మొదలుపెట్టి 1976లో పోయేదాకా అదే పని చేశారు, వెయ్యికి పైగా వేశారు. అవి సరిగ్గా మధ్యలో ఉండవు, గమనించండి. లోపలి చతురస్రానికి కింద ఒక వంతు ఖాళీ వదిలితే పక్కల రెండేసి వంతులు, పైన మూడు వంతులు. అందుకే బొమ్మ కిందికి ఒదిగి, స్థిమితంగా కూర్చున్నట్టుంటుంది.

అయితే జామెట్రీ ఉంటే చాలు ప్రశాంతత వచ్చేస్తుందనుకుంటే పొరపాటే. 1960లలో చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ వేసిన నలుపు తెలుపు గీతల బొమ్మలు కాసేపు చూస్తే కళ్లు తిరుగుతాయి, ఆవిడకి కావలసిందీ ఆ కదలికే. గొప్ప బొమ్మలే, పడకగదికి మాత్రం వద్దు. ఎరుపు పక్కన అంతే ముదురున్న నీలిపచ్చ పెట్టినా అంచులు అదురుతున్నట్టు కనిపిస్తాయి. దగ్గరి రంగులు, వెలుగులో పెద్ద తేడా లేనివి పక్కపక్కనుంటే అంచు మెత్తబడుతుంది, చూపు ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది.

తగిలించేటప్పుడు చుట్టూ గోడ ఖాళీగా వదలండి, ఈ బొమ్మలకి అసలు ఫ్రేమ్ అదే. పక్కన గడియారం, ఫొటోలు, క్యాలెండర్ చేర్చితే అంతా పోతుంది. ఎక్కువగా కూర్చునే చూస్తారు కదా, కాస్త కిందికే పెట్టండి. కిటికీకి ఎదురుగా ఉన్న బొమ్మ మీద మెరిసే గాజు పలక బిగించారంటే మీకు బొమ్మ బదులు కిటికీ కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడితే బ్రష్ నడక, పెన్సిల్ గరుకుదనం పైకి తేలతాయి.

మేకు కొట్టే తొందర పడకండి. ముందు కొన్ని రోజులు గోడకి ఆనించి ఉంచి, పొద్దుటి వెలుతురులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూసుకోండి. పగలు బూడిద రంగుగా ఉన్నది రాత్రి పసుపు లైటుకి గోధుమరంగులోకి తిరిగిపోవచ్చు, అది మీకు నచ్చితేనే తగిలించండి.