మనం సిగ్గుపడేది ఎవరిని చూసి?

సభకు వందనాలు. ఉద్యోగాల కోసం ఊళ్లు వదిలి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా వందనాలు.

విశ్వాసాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడకూడదనే ఈ అంశం ఇస్తే వక్తలు సాధారణంగా రోమా పత్రిక తెరిచి, "సువార్తనుగూర్చి నేను సిగ్గుపడువాడను కాను" అని మీచేత మూడుసార్లు గట్టిగా చెప్పించి కూర్చుంటారు. నేను ఆ పని చేయను. ఆదివారం మోగిన గొంతు సోమవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీనులో ఎలా పూడుకుపోతుందో మీకు తెలియనిది కాదు.

క్యాంటీను సంగతే తీసుకుందాం. టిఫిన్ డబ్బా మూత తీస్తారు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోవాలి, ఎదురుగా నలుగురున్నారు. కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని తీసి తుడుచుకుంటారు. లేనివాళ్లు నుదురు నొక్కుకుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ రెప్పపాటులోనే ఆమేన్ కూడా అయిపోతుంది. తలనొప్పా అని పక్కవాళ్లు అడిగితే అవునంటారు! నవ్వుతున్నారంటే మీలో చాలామందికి అనుభవమే.

ఇక్కడ నాదొక ప్రశ్న. ఆ నలుగురికీ యేసు మీద చిన్నచూపు ఉందా? లేదు. క్షమ గురించి, కరుణ గురించి మాట వస్తే ఆయన పేరు వాళ్లే ఎత్తుతారు. మిషన్ స్కూల్లో చదివామని గొప్పగా చెప్పుకుంటారు. డిసెంబరులో కేకు వాళ్లే తెప్పిస్తారు. మనల్ని భయపెట్టేది ఆ తర్వాత వచ్చే ప్రశ్న. "మీరు ముందునుంచీ క్రైస్తవులేనా, మారారా?" అని అడుగుతారు. అడిగేది మతం గురించే అయినా, ఆరా తీసేది ఏ పేట, ఏ వాడ అని. మనం దాచుకునేది క్రీస్తును కాదు. తెల్లచీర కట్టుకుని, కంజీర చప్పుడుకు చప్పట్లు కొడుతూ పాత కీర్తన పాడే నాయనమ్మను దాచుకుంటున్నాం. రేకుల కప్పు కింద నడిచే ఊరి మందిరాన్ని దాచుకుంటున్నాం.

యేసును పట్టుకున్న రాత్రి, ఆయనెవరో నాకు తెలియదన్న శిష్యుడు పేతురుకు జరిగిందీ అదే. ప్రధాన యాజకుని ముంగిట చలిమంట దగ్గర అతన్ని ఎవరూ సిద్ధాంతం అడగలేదు. నీవూ ఆ గలిలయవాడితో ఉన్నావు కదా అని ఒక పనిపిల్ల అడిగింది. కాసేపయ్యాక అక్కడున్నవాళ్లు, "నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది" అన్నారు. రాజధానిలో పల్లెటూరి యాస పట్టిచ్చింది. ప్రాణభయం ఉంది, కాదనను. దానితోపాటు ఆ యాసవాళ్ల లెక్కలో తననూ కట్టేస్తారన్న భయం కూడా ఉంది.

మనల్ని నొప్పించే ఎత్తిపొడుపు ఒకటుంది. కూటికోసం మతం మారినవాళ్లని. దీనికి జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి దక్కేలా చూశాడు. జనం బాప్తిస్మం అడిగితే మాత్రం ఇవ్వలేదు. తిండికోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు సహాయం ముగిసేదాకా ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగి బాప్తిస్మమిచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులు. మన ముత్తాతలు కాలువ తవ్వి, కూలి తీసుకుని, అది అయిపోయాక కూడా ఆగి అడిగినవాళ్లు. ఆకలితో వచ్చినవాళ్లూ కొందరు ఉన్నారనుకోండి. ఆకలి వేసినందుకు సిగ్గుపడాల్సింది ఆకలిగొన్నవాడా, అన్నం ఉండి పెట్టనివాడా?

ఆ కరువుకు పదేళ్ల ముందు సంగతి ఇంకా ముఖ్యమైనది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, 1866లో విశ్వాసంలోకి వచ్చాడు. అతని వెనక అతని జనం కదిలారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామని ఒంగోలులో పైకులాలవాళ్లు చెప్పేశారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు కనిపించిందని ఆయన రాసుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. "బలవంతులైనవారిని సిగ్గుపరచుటకు లోకములో బలహీనులైనవారిని దేవుడు ఏర్పరచుకొనియున్నాడు." సిగ్గు ఎవరి వంతో అక్కడే తేలిపోయింది. మనం దాన్ని అడిగి మరీ నెత్తిన పెట్టుకుంటున్నాం.

ఒక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు లేదు. అందుకే సర్టిఫికెట్‌లో ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకుని బతికేవాళ్లున్నారు. పిల్లల చదువు కోసం నోరు కట్టుకున్నవాళ్ల మీద నేను రాయి వేయను. భయం వేరు, సిగ్గు వేరు. లక్షల జీతం తీసుకుంటూ, పోయేదేమీ లేక కూడా దాచుకునేవాళ్లతోనే నా పేచీ.

సిగ్గుపడాల్సినవి కూడా మనలో ఉన్నాయి లెండి. కానుకలతో కార్లు కొనే సేవకులు, పరీక్షల కాలంలో అర్ధరాత్రిదాకా మైకులు, సంఘంలోనూ కులం చూసి కుదిర్చే పెళ్లిళ్లు. వాటిని చూసి సిగ్గుపడండి, గట్టిగానే పడండి.

ఈసారి ఊరు వెళ్లినప్పుడు సంఘం బాప్తిస్మ రిజిస్టరు అడగండి. చాలాచోట్ల చెదలు పట్టిపోతోంది. మీ ఇంటిపేరుతో మొదటి పేరు ఎవరిదో చూసి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. క్యాంటీనులో ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఒక మనిషి పేరు, ఒక సంవత్సరం ఉంటాయి.