కార్తీకంలో పాడే పిట్టకు మతి పోయిందా?

[దృశ్యం: ఎంవీపీ కాలనీలో ఒక మేడ వెనుక పెరడు. రాత్రి వానకు తడిసిన జామచెట్టు. పక్షి కనిపించదు, పాట వినిపిస్తుంది.]

వ్యాఖ్యాత: అక్టోబరు, నవంబరు అంటే విశాఖలో వాయుగుండాల కాలం. అలాంటి ముసురు తెరిపిచ్చిన ఒక ఉదయం పెరట్లో మ్యాగ్‌పై రాబిన్ అనే నలుపు తెలుపు పిట్ట గొంతెత్తిందనుకోండి. ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు: "కాలం మారిపోయింది, పిట్టలకూ మతి పోయింది!" కాలం మాట పక్కన పెడదాం. పిట్ట మతి మాత్రం చక్కగా ఉంది.

కోకిల ఉగాదికే కూయాలని మన కవులు ముహూర్తం పెట్టేశారు. పక్షులకు ఆ సంగతి తెలియదు. అవి ముఖ్యంగా లెక్కపెట్టేది పగటి నిడివిని.

[దృశ్యం: బొమ్మల్లో మంచు, పంజరాలు, విద్యుద్దీపం]

ఈ సంగతి 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త తేల్చారు. జుంకో అనే చిన్న పిట్టలను ఆరుబయట పంజరాల్లో ఉంచి, నడి చలికాలంలో సాయంత్రం దీపాలు వెలిగించి, పగటిని కొద్దికొద్దిగా పొడిగించారు. చలి తగ్గలేదు. అయినా మగపిట్టల వృషణాలు వసంతంలో పెరిగినట్టే పెరిగాయి. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఈ పని కళ్లు లేకపోయినా జరుగుతుంది. పుర్రె గుండా లోపలికి చేరే వెలుతురును మెదడు లోతుల్లోని కణాలు నేరుగా పసిగడతాయి. దానితో హార్మోన్లు మేలుకుంటాయి, మగపక్షిలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, పాట మొదలవుతుంది.

మరి శరత్తులో పాట ఎక్కడిది? గూళ్ల కాలం ముగిసేసరికి చాలా జాతుల పక్షుల శరీరం పొడవైన పగటికి స్పందించడం మానేస్తుంది. పగలు కురచయ్యాక ఆ మొద్దుతనం మెల్లగా వదులుతుంది. అప్పుడు కొన్నింటిలో హార్మోన్లు మళ్లీ కాస్త తలెత్తుతాయి. ఐరోపా స్టార్లింగులు శరత్తులో గూటి తొర్రల దగ్గర చేరి పాడతాయి. పిల్లలను మాత్రం పెట్టవు.

[తెరపై: లండన్, విశాఖ పగటి నిడివి గీతలు]

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ గీతలు చూడండి. లండన్‌లో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటల లోపే ఉంటుంది. విశాఖలో పెద్ద పగలు 13 గంటల పైచిలుకు, చిన్న పగలు 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే! అందుకే మన దగ్గర వాన, ఆ వానకు పుట్టే పురుగులు, గింజలు కూడా పక్షికి గట్టి కబుర్లే. గిజిగాడు వానలు పడ్డాకే గూడు అల్లుతుంది. ఐరోపా కాలెండరు తెచ్చి సింహాచలం కొండ పక్షుల మీద రుద్దడం నాకు నచ్చదు.

పాట అంటే జోడీని పిలవడమే అనుకోవడం మరో తొందరపాటు. ఐరోపా రాబిన్‌లో (ఇది మన మ్యాగ్‌పై రాబిన్ కాదు, వేరే పిట్ట) శరత్తు రాగానే మగదీ ఆడదీ వేర్వేరుగా తమ జాగా కాపాడుకుంటూ పాడతాయి. ఇది నా చోటు, రావద్దు అని. ఇక ఆ ఏడాది పుట్టిన మగపిల్లల సంగతి. పక్కింట్లో సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు తప్పుతూ పాడినట్టే, ఇవీ మెల్లగా, తెగుతూ, అతుకుతూ సాధన చేస్తాయి. శ్రద్ధగా వింటే ముదురు పక్షి పాటకూ దీనికీ తేడా పట్టేయవచ్చు.

[దృశ్యం: రాత్రి, బీచ్ రోడ్డు దీపాలు, వాహనాలు]

వేళకాని పాటలో నగరం చెయ్యి కూడా ఉంది. రాత్రి పాడే పక్షిని చూసి అందరూ వీధి దీపాన్ని తిడతారు. కానీ 2007లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో రాబిన్‌ల మీద వెలువడిన అధ్యయనం ప్రకారం, రాత్రి పాటకు దీపాల కంటే ఆ చోట పగటి రొద ఎక్కువగా ముడిపడి ఉంది. పగలంతా హారన్లు మోగే చోట పిట్ట తన పాటను రాత్రికి వాయిదా వేసుకుంటుందన్న మాట.

మీ పెరట్లో పాట వినిపిస్తే ముందు అది పాటేనా చూడండి. దర్జీ పిట్ట ఏడాది పొడవునా గట్టిగా అరుస్తూనే ఉంటుంది, దాన్ని అకాల గానం కింద జమ కట్టకండి. మగ ఊదా తేనెపిట్ట అయితే రంగు గమనించండి: గూళ్ల కాలం దాటాక దాని మెరుపు పోయి, ఎద మీద నల్లని చార మాత్రమే మిగులుతుంది. నోట్లో గడ్డిపరక కనిపించిందా? అయితే గూడు కడుతోందన్న మాట. అప్పుడు తేదీ రాసుకుని, ఆ చెట్టు కొమ్మలు ఎవరూ కొట్టకుండా చూడండి.