గొంతు మారిన రాణి: ఐదో భాగం విన్నవాళ్ళ మాట

సభకు నమస్కారం.

ఒక పుస్తకాన్ని చదివినవాళ్ళ సంగతి పక్కనబెట్టి, విన్నవాళ్ళ సంగతి మాట్లాడదామని ఈ రోజు మీ ముందుకొచ్చాను. పుస్తకం మీలో చాలామందికి తెలిసినదే. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాస్తున్న ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ వరుసలో ఐదోది, ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’. 2011 జులై 12న వచ్చింది. అచ్చులో వెయ్యి పేజీలు దాటుతుంది, ఆడియోలో వింటే దాదాపు 49 గంటలు పడుతుంది. ఆ 49 గంటలూ చదివింది ఒకే ఒక్క మనిషి, బ్రిటిష్ నటుడు రాయ్ డాట్రిస్. అప్పటికి ఆయనకు 88 ఏళ్ళు.

ఈ ఆడియో గురించి శ్రోతలు చెప్పుకున్న మాటల్లో ఒక ఫిర్యాదు పదే పదే వినిపిస్తుంది: డెనేరిస్ అనే రాణి గొంతు మారిపోయింది. కథలో ఆమె ఇంకా పదహారేళ్ళ ప్రాయం పిల్ల. మూడో భాగం దాకా లేత గొంతుతో మాట్లాడింది. ఐదో భాగానికి వచ్చేసరికి ఐర్లండ్ యాసలో ఒక ముసలావిడ మాట్లాడుతున్నట్టు ఉందని శ్రోతలు మొత్తుకున్నారు. కొందరు అక్కడితో వినడం ఆపేసి అచ్చు పుస్తకం తీశారు. ఇంకొందరు ఆమె కళ్ళతో నడిచే అధ్యాయాలు మాత్రం కాగితం మీద చదువుకుని, మిగతావి విన్నారు. ‘గొంతుదేముంది, కథ బాగుంటే చాలదా’ అని వీళ్ళను కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. నేను ఫిర్యాదు చేసినవాళ్ళ వైపే నిలబడతాను. నా దృష్టిలో అది నిఖార్సయిన సాహిత్య విమర్శ.

ఎందుకంటే ముందు కథ ఎక్కడ ఆగిందో చూడాలి. మూడో భాగం 2000లో వచ్చింది. నాలుగోది 2005లో. ఈలోగా కథ బాగా పెరిగిపోయింది, ఒక సంపుటంలో పట్టలేదు. మార్టిన్ దాన్ని కాలక్రమంలో మధ్యకు కోయకుండా, పాత్రలను బట్టి, ప్రాంతాలను బట్టి రెండుగా విడదీశారు. దాంతో నాలుగో భాగంలో టిరియన్ అధ్యాయాలు లేవు, డెనేరిస్ అధ్యాయాలు లేవు, జాన్ స్నో అధ్యాయాలూ లేవు. జనం ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో సరిగ్గా వాళ్ళే లేరు. మొదటినుంచీ వెంట ఉన్నవాళ్ళకు 2000 తర్వాత డెనేరిస్ మనసులోకి తిరిగి వెళ్ళింది 2011లోనే. పదకొండేళ్ళు! ఇన్నేళ్ళ తర్వాత ఒక మనిషిని మళ్ళీ కలుస్తున్నప్పుడు మొదట గుర్తుపట్టేది గొంతునే కదా. కాగితం మీద అయితే పాఠకుడు తన మనసులో ఉన్న గొంతునే మళ్ళీ వేసుకుంటాడు. ఆ పాత్ర ఎలా మాట్లాడుతుందో అతనికి పదకొండేళ్ళనాడే ఖాయమైపోయింది, దాన్ని ఎవరూ మార్చలేరు. వినేవాడికి ఆ వీలు లేదు. అతని డెనేరిస్ డాట్రిస్ గొంతులోనే ఉంది. ఆ గొంతు మారితే ఆమె మారిపోయినట్టే.

దీనికి తోడు మధ్యలో ఇంకొకటి జరిగింది. నాలుగో భాగం మొదట వచ్చినప్పుడు డాట్రిస్ చదవలేదు, జాన్ లీ అనే మరో బ్రిటిష్ కథకుడు చదివారు. జాన్ లీ మంచి చదువరి. కానీ మూడు భాగాల పాటు ఒక గొంతుకు అలవాటుపడ్డ చెవికి అది వేరే ఊరు వెళ్ళినట్టు అనిపించింది. తర్వాత డాట్రిస్ నాలుగో భాగాన్ని కూడా మళ్ళీ చదివి రికార్డు చేశారు కాబట్టి, ఇప్పుడా పుస్తకానికి రెండు గొంతులున్నాయి. మొత్తానికి ఐదో భాగం మొదలుపెట్టే సమయానికి పాత శ్రోతల ఆశంతా ఒక్కటే: మన డాట్రిస్ తిరిగొచ్చాడు, ఇక అన్నీ సర్దుకుంటాయి.

డాట్రిస్ ఎవరో తెలియకుండా ఆయన్ని తప్పుబట్టడం నాకు ఇష్టం లేదు. 1923లో గర్న్‌సీ ద్వీపంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, విమానం కూలి జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కారు. నటన మొదలుపెట్టింది ఆ ఖైదీల శిబిరంలోనే. నలభైల్లో ఉన్నప్పుడు ‘బ్రీఫ్ లైవ్స్’ అనే ఏకపాత్ర నాటకంలో జాన్ ఆబ్రే అనే పండు ముసలాయన వేషం వేసి పెద్ద పేరు తెచ్చుకున్నారు. 2000లో టోనీ అవార్డు అందుకున్నారు. మార్టిన్‌తో పరిచయం కూడా పాతదే. 1980ల చివర్లో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ అనే అమెరికన్ టీవీ సీరియల్‌కి మార్టిన్ రచయితల బృందంలో ఉంటే, అందులో ‘ఫాదర్’ పాత్ర డాట్రిస్‌ది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్లో కూడా మొదట పైసెల్ పాత్రకు ఆయన్నే తీసుకున్నారు. ఆరోగ్యం బాగోక తప్పుకుని, రెండో సీజన్‌లో హాలైన్ అనే చిన్న పాత్ర చేశారు.

ఈ వరుసలో మొదటి పుస్తకాన్ని చదివినప్పుడు ఆయన 224 పాత్రలకు 224 గొంతులు ఇచ్చారని గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఒక్క మనిషి, ఒక్క మైకు, 224 గొంతులు. టిరియన్‌కి వేల్స్ యాస పెట్టారు. ఉత్తరాది వాళ్ళకు ఒక మోటుదనం, రాజధాని పెద్దమనుషులకు ఒక నునుపు. శ్రోతలు ఆయన్ని అంతగా ప్రేమించడానికీ, ఐదో భాగంలో అంతగా నొచ్చుకోవడానికీ కారణం ఇదే. పాత్రకో గొంతు ఇచ్చినవాడు, ఆ గొంతును కడదాకా నిలబెడతానని మాట ఇచ్చినట్టే. నటించకుండా మామూలుగా చదివే కథకుడికి ఈ ఇబ్బంది రాదు.

మన హరికథనే తీసుకోండి. హరిదాసు మీసాలున్న మగమనిషి. సీత మాటలు చెప్పేటప్పుడు ఆయన ఆడగొంతు పెట్టాలని మనం కోరం. స్వరం కాస్త తగ్గించి, చూపు దించి, రాగం మారిస్తే చాలు, సీత ఎదురుగా నిలబడుతుంది. ఎందుకంటే అక్కడ ఒప్పందం వేరు. దాసు సీతను చెబుతున్నాడు, సీతగా మారడం లేదు. డాట్రిస్ పాత్రగా మారే పద్ధతి ఎంచుకున్నారు. 88 ఏళ్ళ గొంతుతో పదహారేళ్ళ పిల్లగా మారాల్సి వచ్చినప్పుడు ఆ పద్ధతే ఆయనకు అడ్డం తిరిగింది.

అయితే వయసును తిట్టినవాళ్ళతో నాకు పేచీ ఉంది. ‘ముసలాయనకు ఎందుకిచ్చారు’ అన్న మాట చాలామంది అన్నారు. గొంతు వణకడం వేరు, యాస మారడం వేరు. వణుకు వయసు వల్ల వస్తుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. యాస మారడం గుర్తుకు సంబంధించింది. వందల పాత్రల గొంతులు ఏళ్ళ తర్వాత ఏ నటుడికి మాత్రం గుర్తుంటాయి? పాత రికార్డింగులు దగ్గర పెట్టుకుని, ఏ పాత్ర ఎలా మాట్లాడిందో వినిపించి, అప్పుడు మైకు ముందు కూర్చోబెట్టడం నిర్మాణం చూసేవాళ్ళ బాధ్యత. శ్రోతలకు గుర్తున్నది నిర్మాణానికి గుర్తుండకపోతే ఎలా?

ఇక, ఇదే ఐదో భాగంలో శ్రోతలు నెత్తిన పెట్టుకున్న చోట్లు ఉన్నాయి. నాకు అన్నిటికంటే విలువైన సంగతి ఇక్కడే కనిపించింది.

థియాన్ గ్రేజాయ్ గుర్తున్నాడా? రెండో భాగంలో వింటర్‌ఫెల్ కోటను పట్టుకుని, చివరికి అంతా పోగొట్టుకున్న కుర్రాడు. మూడు, నాలుగు భాగాల్లో అతని అధ్యాయాలు లేవు. ఐదో భాగంలో ‘రీక్’ అనే పేరుతో ఒక అధ్యాయం వస్తుంది. చీకటి కొట్లో ఒక ప్రాణి బతికున్న ఎలుకను కొరుక్కు తింటూ ఉంటుంది. అది ఎవరో మనకు చెప్పరు. ర్యామ్‌సే బోల్టన్ పెట్టిన చిత్రహింసలకు పళ్ళు ఊడి, జుట్టు నెరిసి, వేళ్ళు పోయి, సొంత పేరు పలకడానికి కూడా భయపడే మనిషి. ‘రీక్’ అన్న ఆ కొత్త పేరు మరిచిపోకుండా ఉండాలని దానితో ప్రాస కలిసే మాటలు తనలో తాను గొణుక్కుంటూ ఉంటాడు. కాగితం మీద ఆ ప్రాసలు కంటికి ఆనుతాయి, అంతే. చెవిలో అవి దెబ్బ తిన్న మనిషి జపంలా పడతాయి. డాట్రిస్ ముసలి గొంతు, ఆ వణుకు, ఆ తడబాటు ఇక్కడ అచ్చంగా పాత్రకు చెందినవే అయిపోయాయి. డెనేరిస్‌ని ఏ గొంతు పాడుచేసిందో ఆ గొంతే థియాన్‌ని నిలబెట్టింది. పుస్తకం చివర్లో సొంత అక్క ఆషా అతన్ని చూసి ఎవరో ముసలివాడనుకుంటుంది. విన్నవాళ్ళకు ఆమె ఎందుకలా అనుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి గమనించండి. అతని అధ్యాయాలు ఏడు. మొదటి మూడింటి శీర్షిక ‘రీక్’. తర్వాత ‘ది ప్రిన్స్ ఆఫ్ వింటర్‌ఫెల్’, ఆ తర్వాత ‘ది టర్న్‌క్లోక్’, ఆపైన ‘ఎ గోస్ట్ ఇన్ వింటర్‌ఫెల్’. ఏడో దాని పేరు ‘థియాన్’. పాఠకుడు శీర్షికను ఒక చూపు చూసి కిందికి దిగిపోతాడు. శ్రోతకు ఆ పేరు పైకి వినబడుతుంది. అన్ని గంటల పాటు దాచిన పేరు చదువరి నోట ఒక్కసారి వచ్చేసరికి ఒళ్ళు జలదరించిందంటే జలదరించదా మరి! మార్టిన్ శీర్షికల్లో పెట్టిన ఈ అమరిక వినేవాళ్ళకే ఎక్కువ దక్కిందని నా నమ్మకం. బారిస్టన్ సెల్మీ అనే వృద్ధ వీరుడి అధ్యాయాలు, వైట్ హార్బర్‌లో లావుపాటి ప్రభువు వైమన్ మాండర్లీ తన మనసులో మాటను డావోస్ అనే రాయబారి ముందు బయటపెట్టే ఘట్టం కూడా ఇలాగే పండాయి. ఆ ప్రభువు అందరి ముందూ విదూషకుడిలా నటించి, రహస్య గదిలోకి వచ్చాక కొడుకు చావును గుర్తు చేసుకుంటూ నిప్పులు కక్కుతాడు. ఒకే పాత్రలో రెండు గొంతులు కావాలి అక్కడ. డాట్రిస్ నటుడు కాబట్టి ఇచ్చారు.

శ్రోతల రెండో పెద్ద ఫిర్యాదు కథ నడక గురించి. టిరియన్ రోయిన్ నది మీద పడవలో పోతూనే ఉంటాడు, డెనేరిస్ మీరీన్ నగరంలో దర్బారు చేస్తూనే ఉంటుంది, ఊరు దాటి కదలదు. చదివేవాడు విసుగొస్తే రెండు పేజీలు కళ్ళతో దాటేస్తాడు, దాటేశానని అతనికే తెలియదు. వినేవాడు ప్రతి వంటకం పేరూ, ప్రతి జెండా మీది గుర్తూ, ప్రతి దొర వంశమూ వినాల్సిందే. తండ్రి చివరి మాట టిరియన్ నోట పదే పదే ప్రశ్నగా వస్తుంది, భార్య ఎక్కడికి పోయిందో తెలియని మనిషి వేదన అది. మొదట గుండెకు తగిలిన ఆ మాటే చాలాసార్లు వినేసరికి చెవికి బరువైందని శ్రోతలు అన్నారు. నిజమే అన్నారు. ఇలాంటి చోట పుస్తకాన్ని ఆసాంతం చదివినవాడు ఒక్కడే, ఆ వినేవాడు. పెద్ద కథల్లో చివరి భాగాలు ఎక్కడ సాగాయో నిక్కచ్చిగా తెలుసుకోవాలంటే నేను ముందు విన్నవాళ్ళనే అడుగుతాను.

2011 ఏప్రిల్‌లో టీవీ సీరియల్ మొదలయ్యాక వచ్చిన కొత్త శ్రోతలకు ఉచ్చారణ మీద కోపం. టీవీలో పేర్లు ఒకలా పలికితే డాట్రిస్ ఇంకోలా పలికారు. దాన్ని నేను పెద్ద లోపంగా పట్టించుకోను. ఆయన మొదటి భాగం చదివేనాటికి టీవీ సీరియల్ లేదు.

డాట్రిస్ 2017 అక్టోబరులో, 94వ ఏట కన్నుమూశారు. ఆరో భాగం ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’ ఇంకా రాలేదు. ఐదో భాగం చివర జాన్ స్నో కత్తిపోట్లకు కూలిపోయి ఉన్నాడు, మీరీన్ దగ్గర యుద్ధం, వింటర్‌ఫెల్ దగ్గర యుద్ధం మొదలుకాబోతూ ఆగిపోయాయి. ఆరో భాగం ఎప్పుడొచ్చినా కొత్త గొంతుతోనే వస్తుంది. ఆడపాత్రల అధ్యాయాలు ఒక స్త్రీ, మగపాత్రలవి ఒక పురుషుడు చదవాలని కొందరి కోరిక. ‘వీల్ ఆఫ్ టైమ్’ పద్నాలుగు భాగాలనూ మైకేల్ క్రామర్, కేట్ రీడింగ్ అనే భార్యాభర్తలు అలాగే చదివారు, శ్రోతలు ఆదరించారు కూడా. కానీ ఐదో భాగంలోనే పద్దెనిమిది మంది కళ్ళతో కథ నడుస్తుంది. ఇక్కడ ఒక్కరే చదవాలని నా అభిప్రాయం. ఆ ఒక్కరూ డాట్రిస్ యాసలను అనుకరించనక్కర్లేదు. పాత ఐదు భాగాలూ మొత్తం విని, ఏ పాత్ర నెమ్మదిగా మాట్లాడుతుందో, ఏ పాత్ర మాట మింగుతుందో పట్టుకుంటే చాలు.

మీలో ఎవరైనా కొత్తగా వినాలనుకుంటే నాలుగో భాగం డాట్రిస్ చదివిందే ఎంచుకోండి, మధ్యలో గొంతు మారకుండా ఉంటుంది. ఐదో భాగంలో డెనేరిస్ అధ్యాయాలు మరీ ఇబ్బంది పెడితే వాటిని అచ్చులో చదవండి, తప్పేం లేదు. థియాన్ ఏడు అధ్యాయాలు మాత్రం విని తీరాలి, వీలైతే ఏకబిగిన. ఇక మీలో ఇప్పటికే విన్నవాళ్ళు ఎవరున్నారో చేతులెత్తండి. డెనేరిస్ గొంతు మీకెలా అనిపించిందో ముందు మీ నోటే వినాలని ఉంది.