శివారుకి నీళ్లు తెచ్చిన ప్రెసిడెంటు గారు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఒక మాజీ సర్పంచ్ గురించి చెబుతాను. మా వైపు ప్రెసిడెంటు గారనే అంటాం. పిల్లలూ మనవలూ ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి పేరు చెప్పను. కోనసీమలో సముద్రానికి దగ్గరగా, కాలువ చిట్టచివర ఉన్న ఊరు.

ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు ఎన్ని తూములు దాటి తన చేలోకి వస్తుందో శివారు రైతునే అడగాలి. ఎగువవాళ్లు రాత్రిపూట తలుపులు ఎత్తేసుకుంటే దిగువన నారుమళ్లు నెర్రెలు విచ్చేవి. ఆయన రాజకీయం ఆ గట్టు మీదే మొదలైంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీటి వంతు వచ్చిన రాత్రి కాలువ కాపలా చూసే లస్కరుని వెంటబెట్టుకుని సైకిలు మీద బయలుదేరేవారు. ప్రతి తూము దగ్గరా దిగి టార్చిలైటు వేసి చూసేవారు. తలుపు ఎత్తి ఉంటే కేకలు వేసేవారు కాదు. ఆ రైతు ఇంటికెళ్లి నిద్రలేపి, "బాబాయ్, నీ చేను తడిసింది కదా, ఇంక దించెయ్" అనేవారు. దించేదాకా అక్కడి నుంచి కదిలేవారు కాదు.

1995 ఎన్నికల్లో శివారు పేటల ఓట్లే ఆయన్ని గెలిపించాయి. మరుసటి ఏడాది నవంబరు 6న తుపాను వచ్చింది. కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లు మర్చిపోలేరు. సాయం జాబితా రాసేటప్పుడు ఆయన రేషన్ కార్డు లేని కౌలు కుటుంబాల పేర్లు ముందు రాయించారు. పెద్ద రైతులకు కోపం వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఆ పని చేసిన మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

2001లో ఏకగ్రీవం. గుడికి ఇంత, రోడ్డుకి ఇంత అని పెద్దలు రామాలయంలో కూర్చుని మాట్లాడేసుకున్నారు. ఆయన పతనం ఆ రోజే మొదలైందని నా నమ్మకం. ఓటు అడగనక్కర్లేకపోయాక శివారు పేటకి వెళ్లాల్సిన అవసరమేముంది? ఏడాదికి కనీసం రెండు గ్రామసభలు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. అక్కడ సభ లేదు, సభ తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించేవారు. పెట్టినవాళ్లు కూడా ఏం రాశారని అడగలేదు. అందులో ఊరి తప్పూ ఉంది, చదువుకున్నవాళ్ల తప్పు మరీ ఉంది.

అప్పుడే వరి చేలు రొయ్యల చెరువులవుతున్నాయి. ఎకరానికి వరి మీద మిగిలే దానికన్నా లీజు డబ్బు ఎక్కువ, అదీ ముందే చేతికొస్తుంది. కాదనడం ఎవరికైనా కష్టమే. కానీ ఆ ఊళ్లో చెరువుల గట్లు మురుగు కాలువలోకి జరిగాయి. వాటిలో ప్రెసిడెంటు గారి బావమరిదికి వాటా ఉంది. కాలువ ఇరుకై వాన నీరు బయటికి పోక చేలల్లో నిలిచిపోయింది. చెరువుల ఉప్పు ఊట పక్క చేలల్లోకి దిగింది. నాట్లు ఊడ్చిన కొద్దిరోజులకే వరి కొసలు ఎర్రబారేవి. వేరు పీకి చూస్తే నల్లగా కుళ్లి ఉండేది.

రైతులు వెళ్లి మొరపెట్టుకున్నారు. "అనుమతులు పైవాళ్లిచ్చారు, నా చేతుల్లో ఏముంది" అన్నారట. అర్ధరాత్రి జనాన్ని లేపి తూము తలుపులు దింపించిన మనిషి ఆ మాట అనేసరికి వాళ్లకు నోట మాట రాలేదు.

2006లో ఓడిపోయారు. ఒకప్పుడు గెలిపించిన శివారు పేటలే ఓడించాయి. ఆ తర్వాత ఆడిట్‌లో ఊరచెరువు వేలం డబ్బుకీ, వీధిదీపాల బిల్లులకీ లెక్క కుదరలేదు. కొబ్బరి తోటలో కొంత అమ్మి కట్టారు.

కొత్త ప్రెసిడెంటు గారు గట్లు తీయించబోతే లీజుదారులు కోర్టుకెళ్లారు. మురుగు కాలువ మాత్రం వెడల్పు కాలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు ఆ ఊరి శివారు కూడా బీడు పడింది. నాట్లు వేయనివాళ్లలో పాత ప్రెసిడెంటు గారూ ఉన్నారు. తోట పోగా మిగిలిన ఆయన రెండెకరాలూ ఆ మురుగు కాలువ పక్కనే.